మాతంగి ఉమ్ము, కాంచన నవ్వు

తెలుగు జనానికి దయ్యం కథంటే పగ కథే. ఆయుష్షు తీరి, బిడ్డల చేతుల మీద పోయినవాళ్లెవరూ దయ్యాలు కారు. దెబ్బలకు చచ్చినవాళ్లు, బావిలోకి తోసేస్తే చచ్చినవాళ్లు, అవమానం మింగలేక ఉరిపోసుకున్నవాళ్లు, వీళ్లే తిరిగొస్తారు. హేతువాదం పేరుతో మనం ఈ కథలన్నిటినీ మూఢనమ్మకాల గంపలో వేసి పక్కన పెట్టేశాం. దయ్యం లేదన్నది నిజమే. కానీ ఎవరు చస్తే ఊరు భయపడింది, ఎవరు చచ్చినా ఊరికి చీమకుట్టినట్టన్నా లేదు అన్నది మాత్రం చరిత్రే. దాన్ని వెతకటానికి దస్తావేజులు చాలవు. జాతర చూడాలి, సినిమా కూడా చూడాలి.

సినిమాతోనే మొదలుపెడదాం. రాఘవ లారెన్స్ 2007లో 'ముని' తీశాడు. 2011లో అదే వరసలో 'కాంచన' వచ్చింది. తమిళంలో తీసి తెలుగులోకి తెచ్చిన సినిమా. ఆ తర్వాత తెలుగులో నవ్వునీ భయాన్నీ కలిపిన దయ్యాల సినిమాలు చాలానే వచ్చాయి. 'ప్రేమకథా చిత్రమ్' (2013), 'గీతాంజలి' (2014), 'రాజుగారి గది' (2015), 'ఆనందో బ్రహ్మ' (2017) అందరికీ గుర్తుండేవే. వీటిల్లో దయ్యం ఏ ఇంటి బిడ్డ, ఏ వాడ బిడ్డ అని అడిగే పని ఎవరూ పెట్టుకోలేదు. 'కాంచన' ఆ పని కొంత పెట్టుకుంది గనుక దాని దగ్గర ఆగాలి.

కథ చాలామందికి తెలిసిందే. మీసాలొచ్చిన మగాడు, దయ్యమంటే వణుకు, రాత్రిపూట అమ్మ తోడు లేకపోతే బయటికి పోలేడు. స్నేహితులతో కలిసి ఒక పాడుబడ్డ స్థలంలో క్రికెట్ ఆడతాడు. అక్కడ నేలలో దిగిన స్టంపుకు నెత్తురు అంటుతుంది. దాంతోపాటే దయ్యం ఇంటికొస్తుంది. వాడు గాజులేసుకుంటాడు, చీర కట్టుకుంటాడు, పసుపు రాసుకుంటాడు. ఇంట్లోవాళ్లు హడలిపోతుంటే హాల్లో జనం పడీపడీ నవ్వుతారు. ఇంతకీ ఆ దయ్యం కాంచన అనే హిజ్రా. చిన్నప్పుడు నడక బాగాలేదనీ మాట బాగాలేదనీ కన్నవాళ్లే గెంటేశారు. ఒక ముస్లిం ఇంత చోటిచ్చి ఆదుకున్నాడు. తనలాంటి ఇంకో బిడ్డను చేరదీసి డాక్టరీ చదివించింది. ఆసుపత్రి కట్టాలని కొన్న స్థలం మీద ఎమ్మెల్యే కన్నుపడింది. కాంచననూ, ఆ ముస్లింనూ, బుద్ధిమాంద్యమున్న అతని కొడుకునూ చంపి ఆ స్థలంలోనే పూడ్చిపెట్టాడు.

ఇక్కడ దర్శకుడు చేసిన పనేమిటో చూడండి. మొదటి సగంలో మనం ఏ సైగలకు నవ్వామో, ఏ నడకకు ఈలలేశామో, రెండో సగంలో అవే సైగలు, అదే నడక హంతకుడి గుండెలో బెదురు పుట్టిస్తాయి. చిన్నప్పుడు బళ్లో, వీధిలో ఎగతాళికి పనికొచ్చిన ఒళ్లే పగ తీర్చుకునే ఆయుధమైంది. హాల్లో నవ్వినవాడికి తన నవ్వు కాస్త గొంతుకు అడ్డం పడాలి. పడిందో లేదో చెప్పలేం గానీ, సినిమా పొందికలో ఆ మలుపుంది. మామూలు కామెడీ ట్రాకుల్లో నల్లగా ఉన్నవాణ్నీ, పాలేరునూ, నత్తివాణ్నీ కొట్టి నవ్వించే మన సినిమాకు ఇది తక్కువ సంగతేం కాదు.

అయితే ఈ పొందిక లారెన్స్ కనిపెట్టింది కాదు. పూనకం, బూతు, నవ్వు, భయం, పాత అవమానానికి బదులు తీర్చుకోవటం - ఇవన్నీ ఒకే ఒంట్లో కలవటం మన కోస్తా ఊళ్లు ఎప్పటినుంచో ఎరిగిందే. ఆ ఒళ్లు మాదిగ స్త్రీది. ఆమె పేరు మాతంగి.

కావలి నుంచి మైపాడు, కృష్ణపట్నం మీదుగా పులికాట్ దాకా సముద్రం పక్కనే పోయే నేలను మనమిప్పుడు నెల్లూరు కోస్తా అంటున్నాం. పాత నెల్లూరు జిల్లా ఇంకా పెద్దది. 1904లో గుంటూరు జిల్లా ఏర్పడేదాకా ఒంగోలు కూడా అందులోదే. అమెరికన్ బాప్టిస్టులు 1840లో నెల్లూరులో మిషన్ పెట్టి, తర్వాత ఒంగోలుకు పాకారు. ఒంగోలు మిషన్ నడిపిన జాన్ క్లౌ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ అక్కడి మాదిగ పెద్దల నోట విన్న కథలతో 'వైల్ సూయింగ్ శాండల్స్' అనే పుస్తకం రాసింది. 1899లో అచ్చయింది. మిషనరీ కళ్లతో రాసినా చెవులు తెరిచి రాసింది. మాతంగి గురించి వివరంగా అక్షరాల్లో పెట్టిన తొలి పుస్తకాల్లో అదొకటి. థర్‌స్టన్ 1909లో వేసిన కులాల సంపుటాల్లో మాదిగల గురించి చెప్పినచోట ఈమె రాసిందాన్నే చాలావరకు ఎత్తుకున్నాడు.

అందులో ఉన్నదేమిటి? మాతంగిని మాదిగ బిడ్డల్లోంచే ఎంచుతారు. ఆమెకు పెళ్లి లేదు. బతికినంతకాలం ఆ పదవి ఆమెదే. జాతరనాడు డప్పు వాయిస్తుంటే, ఆసాదులు పాడుతుంటే, పూనకమొచ్చి వేపమండలతో ఊళ్లోకి దూకుతుంది. గూడెంలో కాదు, ఊళ్లోకి. ఎదురొచ్చిన రెడ్డి మీద, కోమటి మీద, బాపనయ్య మీద కల్లు పుక్కిలించి ఉమ్ముతుంది. మామూలు రోజుల్లో మాదిగ నీడ పడితే తలస్నానం చేసేవాళ్లు ఆ ఉమ్ము కోసం వాకిట్లో నిలబడతారు. 'ఇవాళ మీ గతి ఇదిరా' అన్నట్టు వాళ్ల పరువు తీస్తూ పాడుతుంది, తిడుతుంది. వాళ్లకు కోపం రాదు. పైగా తిట్లు తక్కువైతే వెలితి పడతారని ఎమ్మా రాసింది. ఉమ్ము పడితే పీడ పోతుందని నమ్మకం. మశూచి, కలరా ఊళ్లకు ఊళ్లు ఖాళీ చేస్తున్న కాలమది.

దీని వెనక రేణుక కథ ఒకటుంది. తండ్రి చెప్పాడని పరశురాముడు తల్లి తల నరకబోతే ఆమె మాదిగ స్త్రీని వాటేసుకుంది. ఇద్దరి తలలూ ఒకే వేటుకు తెగాయి. మళ్లీ బతికించేటప్పుడు తలలు తారుమారయ్యాయి. బ్రాహ్మణ తలకు మాదిగ మొండెం, మాదిగ తలకు బ్రాహ్మణ మొండెం. అలా ఎల్లమ్మా, మాతంగీ పుట్టారంటారు. తెగిన తలలు, తప్పు మొండేలు: భయమూ నవ్వూ రెండూ ఉన్న కథ. ఆ మాదిగ స్త్రీ ఏ నేరం చేసిందని ఆమె తల తెగింది? కథ చెప్పేవాళ్లు ఆ ప్రశ్న వేయరు. ఎవరి సంసారం గొడవలోనో మధ్యన తెగిన తల ఆమెది.

మన మిత్రుల్లో కొందరు మాతంగి ఉమ్మును తిరుగుబాటు అంటారు. అది అలా అనిపించటం సహజం. కానీ ఉమ్మిన మర్నాడు ఏం జరిగిందో కూడా అడగాలి గదా. మర్నాడు అదే రెడ్డి దొడ్లో చచ్చిన గొడ్డును మాదిగోడే ఈడ్చాలి. అదే బావి దగ్గర మాదిగ స్త్రీ దూరంగా నిలబడి ఎవరన్నా కడవలో నీళ్లు పోస్తారేమోనని ఎదురుచూడాలి. మాతంగి ఒంటి మీద ఎవరికి హక్కుందో, ఎవరికి లేదో తేల్చేది ఆమె కాదు. నెల్లూరు, చిత్తూరు సరిహద్దు ఊళ్లల్లో ఇదే తరహా మొక్కు మాతమ్మ పేరుతో ఈ మధ్యకాలం దాకా నడిచింది. బిడ్డకు జబ్బు చేస్తే మాతమ్మకు వదిలేస్తామని మొక్కుకోవటం, వదిలేసిన బిడ్డకు పెళ్లి లేకుండా పోవటం, ఊరి మగాళ్లందరికీ ఆమె లోకువైపోవటం. 1988లో దేవదాసీ అంకిత నిషేధ చట్టం వచ్చాక కూడా అది ఒక్కరోజులో ఆగలేదు. ఏడాదికి ఒక్కపూట ఊరిని తిట్టే హక్కుకు కట్టిన వెల ఇది.

పైగా అదే జాతరలో ఇంకో పగ కూడా తీరుతుంది. దాని గురించి మనవాళ్లు తక్కువ మాట్లాడతారు. దున్నపోతు బలి చుట్టూ తెలుగు ఊళ్లల్లో చెప్పుకునే కథను మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ 1916 నాటి తన గ్రామదేవతల పుస్తకంలో ఎక్కించాడు. అంటరాని కులపోడొకడు బ్రాహ్మణుణ్నని చెప్పి బ్రాహ్మణ పిల్లను పెళ్లాడాడు. పిల్లలు పుట్టాక ఆమెకు గుట్టు తెలిసింది. ఒళ్లు తగలబెట్టుకుని చచ్చి, అమ్మవారై తిరిగొచ్చింది. వాణ్ని చంపింది. వాడే దున్నపోతు. అందుకే దున్న తల నరికి, దాని ముందుకాలు దాని నోట్లోనే కరిపించి, కళ్ల మీద కొవ్వు పూసి, నెత్తిన దీపం పెడతారు. చచ్చినవాణ్ని మళ్లీ వెక్కిరించటమన్నమాట. ఈ కథలో దయ్యం పైకులం పిల్ల, అపరాధి దళితుడు. నరికేది కూడా చాలా ఊళ్లల్లో మాదిగోడే. అంటే ఒకే జాతరలో మాదిగ ఆడది ఊరి మీద ఉమ్ముతుంది, మాదిగ మగాడు తన కులపోడి బొమ్మను తానే నరుకుతాడు. కులం దాటి ప్రేమించినవాళ్లను నరికి కాలవల్లో పడేసే ఈ రోజుల్లో ఈ కథను కేవలం జానపదం అనుకుని దాటేయలేం.

ఇక నెల్లూరు నేలకు దక్షిణాన ఉన్న తిరుపతికి పోదాం. అక్కడి గంగమ్మ జాతర నేననుకునే వరసలో సినిమాకు మరీ దగ్గరిది. ఒక పాలెగాడు ఊళ్లో ఆడబిడ్డల్ని చెరుస్తుంటాడు. అవిలాలలో కైకాలవాళ్లింట్లో పెరిగిన గంగమ్మ మీద చెయ్యేస్తాడు. ఆమె అసలు రూపం చూపించేసరికి పారిపోయి దాక్కుంటాడు. వాణ్ని వెతకటానికి గంగమ్మ రోజుకో వేషం కడుతుంది. బైరాగి, బండ, తోటి, దొర, మాతంగి, ఇంకా కొన్ని. బండ వేషంనాడు వీధిలో నోటికొచ్చిన బూతులు తిట్టొచ్చు, ఎవరూ తప్పు పట్టరు. దొర వచ్చాడని నమ్మి పాలెగాడు బయటికొస్తే తల తెగుతుంది. ఆ తర్వాత మాతంగి వేషంలో పోయి వాడి పెళ్లాన్ని ఓదారుస్తుంది. జాతరలో మామూలు మగాళ్లు కూడా చీరలు కట్టి, జడలు వేసుకుని తిరుగుతారు. భయంకరమైన పగ కథ జనానికి వారం రోజుల నవ్వులాట.

గమనించాల్సిన సంగతి వేరే ఉంది. తోటి అంటే ఊరికి వెట్టి చేసే మనిషి, మనవాడు. మాతంగి మాదిగ స్త్రీ. కానీ ఈ వేషాలు వేసే హక్కు వంశపారంపర్యంగా కైకాల కుటుంబం మగాళ్లది. వాళ్లు నేతపనివాళ్లు, పెద్ద కులమేమీ కాదు, వాళ్లను తప్పుపట్టే పని లేదు. చెప్పేదేమిటంటే, ఒంగోలు వైపు మాతంగి ఒళ్లూ మాతంగి నోరూ ఒకటే. ఇక్కడికి వచ్చేసరికి ఒళ్లు ఒకరిది, పేరు ఇంకొకరిది. తోటి లేకుండానే తోటి వేషం నడుస్తుంది. సినిమా దగ్గరికి వచ్చేసరికి ఈ ఎడం ఇంకా పెరిగింది. కాంచనగా వేసింది శరత్‌కుమార్. పూనిన ఒళ్లు లారెన్స్‌ది. ఇద్దరూ పేరున్న హీరోలు. 2020లో హిందీలో 'లక్ష్మి'గా తీసినప్పుడు అక్షయ్ కుమార్. పగ హిజ్రాది, చప్పట్లు హీరోవి.

ఇప్పుడు మళ్లీ పాత నెల్లూరు జిల్లాకు రావాలి. ఎందుకంటే వేషం లేని పగ ఒకటి అక్కడ జరిగింది. దాన్ని పగ అని ఎవరూ పిలవలేదు.

మాదిగల్లో అప్పటికే కదలిక ఉంది. తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేస్తూ తిరిగినవాడు. వీరమ్మ అనే స్త్రీ గురువు దగ్గర యోగమార్గం నేర్చినవాడు. విగ్రహాల మీదా బలుల మీదా అప్పటికే విసిగి ఉన్నాడు. 1866లో క్లౌ ఒంగోలు వచ్చేసరికి ఇలాంటివాళ్లు ఎదురుచూస్తున్నారు. మిషనరీ వచ్చి చీకట్లో దీపం వెలిగించాడనే కథ సగం నిజమే. దీపం పట్టుకుని ఇంకోవైపు నుంచి నడుచుకుంటూ వచ్చింది పేరయ్యలు. చేరినవాళ్లకు క్లౌ మూడు నియమాలు పెట్టాడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన గొడ్డు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు. చూట్టానికి చర్చి నియమాలు. ఊరికి మాత్రం మూడూ మూడు దెబ్బలు. ఆదివారం రానంటే వెట్టి ఆగింది. చచ్చిన గొడ్డు వద్దంటే గొడ్డుకూ మాదిగకూ ఉన్న ముడి వదులైంది. విగ్రహానికి మొక్కనంటే జాతరలో డప్పు ఆగింది. డప్పు లేకపోతే పూనకం లేదు, పూనకం లేకపోతే మాతంగి లేదు, బలి లేదు.

ఊరు ఎలా తీసుకుందో క్లౌ జ్ఞాపకాల్లో ఉంది. బావులు మూశారు, అంగట్లో సరుకు అమ్మలేదు, కూలికి పిలవలేదు, దొంగ కేసులు పెట్టారు. తేడా చూశారా? మాదిగ స్త్రీ మొహాన ఉమ్మితే పుణ్యమని తుడుచుకున్న ఊరు, మాదిగ మగాడు డప్పు కింద పెట్టేసరికి మాత్రం ఓర్చుకోలేకపోయింది. ఉమ్మటం ఊరు ఇచ్చిన హక్కు. డప్పు కింద పెట్టటం ఎవరూ ఇవ్వని హక్కు.

1876-78 కరువులో బకింగ్‌హాం కాలువ తవ్వకం సాగింది. క్లౌ మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టుకు తీసుకుని కూలీలకు పని చూపించాడు. కూడు కోసం కలిసిపోయారు అనే మాట అప్పుడూ అన్నారు, ఇప్పుడూ అంటారు. కూడు జరుగుతున్నంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు క్లౌ. ఆ తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెలుంపిల్లి దగ్గర ఒక్కరోజులో 2,222 మంది నీళ్లలో దిగారు. దాదాపు అందరూ మాదిగలే. దీని గొప్పల్ని మిషన్ చరిత్రలు చాలానే చెప్పాయి. అంతమంది వదిలేసి వచ్చిన ఊళ్లల్లో ఆ తర్వాతి జాతర ఎలా జరిగిందన్నది మనం రాసుకోవాల్సిన చరిత్ర.

అయినా ఊరి పగ కాగితం మీద మిగిలే ఉంది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువు కానివాడికి ఎస్సీ హోదా లేదంది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు సడలించారు. క్రైస్తవులకు కాదు. అందుకే మన గూడేల్లో ఒకే మనిషికి బడి రికార్డులో ఒక పేరు, చర్చిలో ఒక పేరు. బతికుండగానే రెండు ఒళ్లు.

సినిమా హాలు సంగతి చెప్పకుండా ఈ వ్యాసం పూర్తికాదు. 1991 జూలైలో గుంటూరు జిల్లా చుండూరులో గొడవ మొదలైంది సినిమా హాల్లోనే. ఒక దళిత విద్యార్థి కాలు ముందు సీట్లోని రెడ్ల యువకుడికి తగిలింది. అంతే. ఆగస్టు 6న ఎనిమిదిమంది దళితుల్ని పొలాల్లో వెంటాడి చంపి, గోతాల్లో కుక్కి కాలవల్లో పడేశారు. చీకట్లో అందరూ ఒకే తెర చూసి ఒకే జోకుకు నవ్వుతారు, హాలు కులం లేని చోటు అని మన సినిమా పండితులు రాస్తుంటారు. కాలు తగిలేదాకానే ఆ మాట నిలబడుతుంది.

'కాంచన'లో శవాలు దాచిన నేల మీద ఏమీ తెలియని కుర్రాళ్లు ఆడుకుంటారు, అందుకే దయ్యం రావాల్సి వస్తుంది. చుండూరు దళితులు దాచనీయలేదు. ఊరి నడుమ అందరికీ కనపడేచోట తమవాళ్లను పూడ్చి, ఆ చోటికి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ప్రత్యేక న్యాయస్థానం ఊళ్లోనే పెట్టించుకున్నారు. 2007లో అది 21 మందికి యావజ్జీవం వేసింది, ఇంకా 35 మందికి ఏడాది శిక్ష. 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. సినిమా అయితే రెండున్నర గంటల్లో ఎమ్మెల్యే చచ్చి జనం లేచి ఇంటికి పోతారు. కోర్టు ఇవ్వనిదాన్ని దయ్యం ఇస్తుంది గనుకే దయ్యం సినిమా ఆడుతుంది. కానీ చంపినవాడొక్కడే చస్తాడు. చిన్నప్పుడు కాంచనను గెంటేసిన ఇల్లు, వెక్కిరించిన వీధి అలాగే ఉంటాయి. వాళ్లెవరికీ దయ్యం పట్టదు. మాతంగి కనీసం ఊరందరి మీదా ఉమ్మింది.

చుండూరు జరిగిన మరుసటేడు, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా అంగడి మూయించారు. అక్షరాస్యత బళ్లో చదువుకున్న పాఠం ఒక కారణం, ఇంట్లో తిన్న దెబ్బలు అంతకన్నా పెద్ద కారణం. వాళ్లల్లో ఎక్కువమంది దళిత, వెనకబడిన కులాల కూలీలే. చేతిలో చీపురు, కొంగున కారప్పొడి. తాగి కొట్టినవాణ్నీ, అమ్మినవాణ్నీ వీధిలో నిలబెట్టి కడిగేశారు. ఇక్కడా తిట్లున్నాయి, నవ్వులున్నాయి, మగాళ్లకు భయముంది. పూనకం లేదు, వేపమండ లేదు, వేషం అసలే లేదు, పట్టపగలు సొంత పేర్లతో వచ్చారు. జాతర అయితే ఒక్కరోజుతో అయిపోయేది. ఇది ఊరి నుంచి ఊరికి పాకింది. నెల్లూరులో సారా వేలంపాటలు మాటిమాటికీ వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధించారు. 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది. 1997లో ఎత్తేశారు.